ఇల్లంతా కనబడే చోటు

మా లెక్కల మేడం పోయారన్న కబురు నాకు గోరంట్లలో, నిచ్చెన మీద ఉండగా తెలిసింది. ఒక ఎరువుల కొట్టుకు కెమెరా బిగిస్తున్నాను. ధర్మవరంలో ఉండే మేడం కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయిందంటన్నా. పాలామె ఫోన్ చేసింది. నేను బస్సెక్కుతాండా. నువ్వు తొందరగా పో అన్నా, ఆడ నాయన ఒక్కడే ఉండాడు" అంది. సరేనమ్మా అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మిగిలిన స్క్రూలు బిగించాను. బొమ్మ సరిగా వస్తోందో లేదో చూశాను. కొట్టాయనకు ఫోన్లో ఎలా చూసుకోవాలో నేర్పించాను. ఆ తర్వాతే బండి తీశాను. దారిలో ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టుంది, అంతే. ఇతనేం మనిషి అని మీరనుకుంటే అనుకోండి. నేనూ అదే అనుకుంటున్నాను.

హిందూపురంలో నాకు సీసీ కెమెరాల కొట్టుంది. లెక్కల్లో డిగ్రీ చేసి గోడలకు మేకులు కొట్టుకుంటున్నాడని మా చిన్నాయన ఇప్పటికీ పెళ్లిళ్లలో నలుగురి ముందూ అంటాడు. మేడం మాత్రం అలా అనలేదు. "నేను చెప్పిన పాఠం దినామూ వాడేది నువ్వొక్కడివేనబ్బా. మిగతావాళ్లంతా బ్యాంకుల్లో కూడికలు చేస్తాండారు" అనేవారు. ఆ మాట మా చిన్నాయన ముందు ఒక్కసారి అనుంటే ఎంత బాగుండేదో. ఆయన్ని ఎప్పుడూ మేడం దగ్గరికి తీసుకుపోలేకపోయాను. ఏదో ఒక వంకతో తప్పించుకునేవాడు.

ఆ పాఠం ఏమిటో చెప్పకపోతే మేడం మీకు అర్థం కారు. అది మా సిలబస్‌లో లేదు. పరీక్షలు దగ్గర పడి, అందరం గైడ్లు ముందేసుకుని కూర్చున్న రోజుల్లో, ఆమె ఒక చెక్క పలక చంకలో పెట్టుకుని క్లాసుకు వచ్చారు. దాని మీద అడ్డదిడ్డంగా మేకులు కొట్టి ఉన్నాయి. ఆ మేకుల చుట్టూ పట్టుదారం తిప్పి ఒక వంకరటింకర ఆకారం చేశారు. "ఇది ఒక ఇల్లనుకోండి. మేకులు మూలలు, దారం గోడలు. కాపలావాళ్లు కదలకుండా నిలబడల్ల, కానీ ఎటుపక్కకైనా చూడొచ్చు. ఇల్లంతా కనపడల్లంటే ఎంతమందిని పెట్టల్ల?" అని అడిగారు. మూలకొకడు అన్నాం. గదికొకడు అన్నాం. వెనక బెంచీ నుంచి ఎవడో, కుక్కను పెంచుకుంటే పోతుంది కదా మేడం అన్నాడు. ఆమె నవ్వి, కుక్క కదలకుండా నిలబడదు కదబ్బా, అదీ ఇబ్బంది అన్నారు.

జవాబు ఏమిటంటే, ఇంటికి ఎన్ని మూలలుంటే అందులో మూడో వంతు మంది చాలు. ఇల్లు ఎంత వంకరగా ఉన్నా సరే. ఎందుకు చాలో కూడా ఆ దారంతోనే చూపించారు. ఒక మేకు నుంచి ఇంకో మేకుకు, గోడలు దాటకుండా, లోపలంతా దారాలు కట్టుకుంటూ పోతే ఇల్లు మొత్తం త్రికోణాలుగా విడిపోతుంది. తర్వాత ప్రతి మేకుకూ ఎర్ర దారమో, పచ్చ దారమో, నీలం దారమో ముడి వేశారు, ప్రతి త్రికోణానికీ మూడు రంగులూ వచ్చేటట్టు. ఇక ఏ రంగు తక్కువ మేకులకు పడిందో ఆ మేకుల దగ్గర మనుషుల్ని నిలబెడితే సరి. ప్రతి త్రికోణానికీ ఒక కాపలా ఉంటుంది, కనుక ఇల్లంతా కనబడుతుంది. అప్పటిదాకా లెక్కలంటే కాగితం మీద పాకే చీమలు అనుకునేవాణ్ణి. ఆ రోజు దారం ముడులు చూస్తూ కూర్చుండిపోయాను. ఆమె ధర్మవరం నేతగాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. దారం పట్టుకున్నప్పుడు ఆమె వేళ్లు, సుద్దముక్క పట్టుకున్నప్పటి వేళ్లు ఒకటి కావు.

"చాలు అనేది వేరు, కావల్ల అనేది వేరు" అని ఆమె తరచూ అనేవారు. మూడో వంతు ఎప్పుడూ చాలు. దువ్వెన పళ్లలాగ గోడలున్న ఇంటికి అంతమందీ కావాలి. కానీ కొన్ని ఇళ్లకు ఒక్కరే చాలు, వాళ్లు సరైన చోట నిలబడితే. అలాంటి చోటుకు పుస్తకాల్లో ఏదో ఇంగ్లీషు పేరుంది. మేడం దాన్ని కంటిచోటు అనేవారు. ప్రతి ఇంటికీ కంటిచోటు ఉండదు. మీ ఇంటికి ఉందేమో చూసుకుని రండి అని మమ్మల్ని ఇళ్లకు పంపారు. మా ఇంటికి లేదు. మడకశిర నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం, తమది ఒకే గది కాబట్టి యాడ కూర్చున్నా కంటిచోటే మేడం అంది. దానికి మేడం చప్పట్లు కొట్టారు.

ఒకసారి మమ్మల్ని పెనుకొండ తీసుకుపోయారు. కోట చూడటానికే అనుకున్నాం. కొండ మీద, పైకప్పు పోయి గోడలు మాత్రమే మిగిలిన ఒక పాత కట్టడంలో మమ్మల్ని మూలల్లో నిలబెట్టి, ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ గోడల మధ్య తిరిగారు. నేను కనపడతాండేవాళ్లు 'ఆ' అనండి, కనపడనోళ్లు నోరు మూసుకోండి అన్నారు. ఆమె నడుస్తుంటే ఒక మూల నుంచి ఒకడు, ఇంకో మూల నుంచి ఒకతె ఆ, ఆ అంటూనే ఉన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. ఒక్క చోట మాత్రం అందరం నోరు మూసుకున్నాం. ఆమె అక్కడే ఆగిపోయి, లోపలికి పొడుచుకొచ్చిన గోడ అంచు దాకా చెయ్యి ఒక్కటే బయటికి చాపి, దాన్ని తట్టి, "గోడల వల్ల కాదబ్బా, ఇదో, ఈ మూల వల్లే మనకు మనుషులు కనపడకుండా పోయేది" అన్నారు.

నేను కొట్టు పెట్టాక ఆ పాఠం అన్నం పెట్టింది. ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టాయన మూలకొక కెమెరా కావాలంటే, వద్దు, ఇన్ని చాలు అని పటం గీసి చూపించాను. అంత తెలివితేటలు ప్రదర్శించి బిగించి వచ్చానా, పెళ్లిళ్ల రోజులు రాగానే ఆయన ఫోన్ చేసి తిట్టాడు. ఏం కనబడటం లేదట. పోయి చూస్తే, పరుపుల మీద కూర్చున్న ఆడవాళ్లకు కొట్టువాళ్లు చీరలు విప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటున్నారు. కెమెరాల్లో అన్నీ కొంగులే. ఈ సంగతి చెబితే మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "ఖాళీ కొట్టుకు లెక్క కట్టినావు కదబ్బా! కొట్టు ఖాళీగా ఉంటే కెమెరా ఎందుకు?" అన్నారు. పక్కన కూర్చుని తువ్వాలు మడతపెడుతున్న వాళ్లాయన కూడా నవ్వాడు. చీరల మాట వింటే ఆయన ముఖం వెలిగేది.

ఆయన గురించి చెప్పాలి. మేమంతా పెద్దాయన అంటాం. ధర్మవరంలో చీరల కొట్టు నడిపేవాడు. మేడం ఉద్యోగం హిందూపురంలో కాబట్టి కాపురం ఇక్కడ పెట్టి, తనే రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. కొట్టు మానేసిన కొన్నేళ్లకు మతిమరుపు మొదలైంది. మొదట తాళం చెవులు, తర్వాత మనుషుల పేర్లు. తర్వాత నా ముఖం. ఎన్నిసార్లు పోయినా, ఎవరబ్బా నువ్వు, కాఫీ తాగుతావా అని మర్యాదగా అడిగేవాడు. చేతులు మాత్రం మరిచిపోలేదు. తువ్వాలైనా, దుప్పటైనా, ఆఖరికి ఆ రోజు పేపరైనా, చీర మడత వేసి పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లో లేడు. మేడం నాకు ఫోన్ చేశారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. బస్టాండు, మార్కెట్టు, రైల్వే స్టేషను అన్నీ వెతికాం. ఎవరో ఆయన్ని రైలెక్కుతుండగా చూశామన్నారు. ధర్మవరం పోయుంటాడు, పాత అలవాటు అనుకుని కారులో బయలుదేరాం. పెనుకొండ దాటకముందే ఎందుకైనా మంచిదని ఆ ఊరి స్టేషనులోకి పోయి చూస్తే, అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మేడం పోయి ఆయన పక్కన కూర్చున్నారు. తర్వాత, యాడికి పోతాండారు అని అడిగారు.

"నువ్వు కనపడల్యా. ఇల్లంతా చూస్తి. ఈ పక్క వస్తివేమోనని వస్తి" అన్నాడాయన.

ఆమె ఆ సమయంలో వెనక పెరట్లో బట్టలు ఆరేస్తున్నారట. అంతే.

ఆ నెల్లోనే మేడం గోడలు పగలగొట్టించారు. వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీయించారు. పడకగది గోడ అంచు ఏటవాలుగా చెక్కించారు. పెరటి తలుపు తీసి ఊచల తలుపు పెట్టించారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఈ గోడ తీస్తే వాస్తు చెడిపోతాది మేడం, ఇంట్లో దుడ్లు నిలవవు అన్నాడు. "ఇంట్లో నిలవాల్సింది దుడ్లు కాదులేప్పా. గోడ కొట్టు" అన్నారామె. హాల్లో ఒక గోడకు ఆనించి పేము కుర్చీ వేశారు. అక్కడ కూర్చుంటే వంటిల్లు, పడకగది, పెరడు, వీధి తలుపు అన్నీ కనబడతాయి. లేని ఇంటికి కంటిచోటు చేసుకున్నారు. అప్పటి నుంచి ఆమె బతుకంతా ఆ కుర్చీలోనే గడిచింది. కూరగాయలు అక్కడే తరిగేవారు. నాలాంటివాళ్లు పోతే మాట్లాడేది అక్కడి నుంచే. బాత్‌రూముకు మాత్రం తలుపు ఉంచారు. ఆయన లోపలుంటే ఆమె బయట నిలబడి బెండకాయల ధర ఎంతో, పక్కింట్లో ఎవరొచ్చారో గట్టిగా చెబుతుండేవారు. నాకది వింతగా ఉండేది.

నాకు తోచిందల్లా కెమెరా. మేడం, ఎందుకు మీకీ శ్రమ, కెమెరాలు పెడతాను, పడుకున్నా ఫోన్లో చూసుకోవచ్చు, ఆయన ఎటు పోయినా తెలుస్తుంది అన్నాను. గురుదక్షిణ అనుకోండి అని కూడా అన్నాను. ఆమె నా వైపు చూశారు. అర్థం కాని పిల్లవాడికి మళ్లీ మొదటి నుంచి చెప్పే ముందు అలాగే చూసేవారు.

"నేను ఆయన్ను చూసేకి గోడ తీయించినాననుకుంటాండావా?" అన్నారు. "ఆ కొస నుంచి ఈ కొస కనపడతాదంటే, ఈ కొస నుంచి ఆ కొస కూడా కనపడతాది. క్లాసులో చెప్పినాను కదబ్బా, చూపుకు రెండు కొసలు. ఆయన యాడుండినా తల తిప్పితే నేను కనపడల్ల. కనపడితే వెతుక్కోడు, వెతుక్కోకపోతే యాడికీ పోడు. నీ కెమెరా ఆయన్ను చూస్తాది, సరే. ఆయన కెమెరాను చూసి ఏం చేసుకుంటాడు?"

అప్పుడే ఆయన పడకగది గుమ్మం దగ్గరికి వచ్చి, తల తిప్పి చూశాడు. ఆమె మాట ఆపి, ఈడే ఉండా అన్నారు. ఆయన తలూపి లోపలికి పోయాడు. ఆ ఇంట్లో ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినబడేదో ఎవరూ లెక్కపెట్టలేదు. బాత్‌రూము బయట బెండకాయల ధర ఎందుకు చెబుతుండేవారో కూడా ఆ రోజే నాకు అర్థమైంది. నాకు ఎంతోమంది పాఠాలు చెప్పారు. చెప్పిన పాఠంలో కాపురం ఉన్న మనిషిని నేను ఈమెనొక్కరినే చూశాను. అందుకు ఆమెకు చేతులెత్తి మొక్కుతాను.

ఇక ఆ రోజు సంగతి. నేను గోరంట్ల నుంచి వెళ్లేసరికి ఇరుగుపొరుగు చేరారు. పాలామె గడపలో కూర్చుని నాకు చెప్పింది. "పాలు పోసేకి వస్తినన్నా. మేడం కుర్చీలోనే ఉండాది, కండ్లు మూసుకోని. పెద్దాయన దుప్పట్లు మడత పెట్టుకుంటాండాడు. నేను పిలిస్తే, సద్దు చెయ్యొద్దమ్మా, పండుకోనుండాది అన్నాడన్నా." డాక్టరు వచ్చి చూసి, తెల్లవారుజామునే గుండె ఆగిపోయి ఉంటుందన్నాడు. అంటే, ఆమె పోయాక కూడా చాలాసేపు ఆయన ఆ ఇంట్లో నిశ్చింతగా తిరిగాడు. మంచినీళ్లు తాగాడు. పెరట్లోకి పోయి వచ్చాడు. తల తిప్పినప్పుడల్లా ఆమె కనబడుతూనే ఉన్నారు. ఈ ముక్క రాయడానికి నాకు వారం పట్టింది. రాశాక కూడా ఏమీ అనిపించడం లేదు. ఏమీ అనిపించకపోవడం ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలీదు.

ఆమెను తీసుకుపోయాక మొదలైంది. "ఆమె యాడ?" అని పెద్దాయన అడిగేవాడు. కూతురు చెప్పేది. ఆయన ఏడ్చేవాడు. కాసేపటికి మళ్లీ అడిగేవాడు, మళ్లీ చెబితే మళ్లీ మొదటిసారి విన్నట్టే ఏడ్చేవాడు. ఇక చెప్పొద్దమ్మా అని నేనే అన్నాను. దినాలు అయిపోయాక కూతురు ఆయన్ని ధర్మవరం తీసుకుపోయింది. అక్కడ ఒక్క పూట నిలవలేదు. మగ్గాల సందుల్లో, మెట్ల కింద, పక్కిళ్లలో మేడం కోసం వెతుక్కుంటూ వీధిలోకి పోయాడు. మళ్లీ హిందూపురానికే తీసుకొచ్చి, చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టింది. కూతురికి అక్కడ మగ్గాలున్నాయి, పిల్లల చదువులున్నాయి. మగ్గాన్ని చంకలో పెట్టుకుని రాలేదు కదా.

"అన్నా, కెమెరా పెట్టన్నా. ఆడ కూర్చోని నేను చూసుకుంటా ఉంటా" అంది.

"మేడం వద్దన్నిందమ్మా" అన్నాను. ఎందుకు వద్దన్నారో కూడా చెప్పాను, చూపుకు రెండు కొసల మాటతో సహా. ఆమె చివరిదాకా విన్నది.

"నిజమేనన్నా. కానీ అమ్మ లేదు కదా ఇప్పుడు. నేనేం చెయ్యల్ల చెప్పు" అంది.

కెమెరా పెట్టాను. మామూలుగా అయితే పైకప్పుకు పెడతాను. అక్కడ అటక అడ్డం వచ్చింది. టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఎన్ని రకాలుగా చూసినా, ఒక్క కెమెరాతో ఇల్లు మొత్తం కనబడే చోటు ఒక్కటే ఉంది. పేము కుర్చీ వెనక గోడకు, కూర్చున్న మనిషి తల ఎత్తున, వెడల్పు చూపున్న కెమెరా బిగించాను. వంటిల్లు, పడకగది, పెరడు, వీధి తలుపు. ఒక్క మూల తప్పలేదు. నేను చేసిన పనుల్లో లెక్క ఇంత శుభ్రంగా కుదిరింది ఇంకొకటి లేదు. చూపిస్తే మేడం ఏమనేవారో నేను ఆలోచించదలచుకోలేదు.

కూతురు తన ఫోన్లో పెట్టించుకుంది. అవసరం పడితే నువ్వూ చూడన్నా అని నా ఫోన్లోనూ పెట్టించింది. నిన్న మధ్యాహ్నం కొట్లో బేరాలు లేవు. తెరిచి చూశాను. ఆయమ్మ పెరట్లో గిన్నెలు కడుగుతోంది. పెద్దాయన పడకగది నుంచి వచ్చి, గుమ్మంలో ఆగి, తల తిప్పి చూశాడు. మేడం కూర్చునే చోటు వైపు చూశాడు. అంటే, కెమెరాలోకి. అంటే, సూటిగా నా ముఖంలోకి. కాసేపు అలాగే నిలబడి వంటింట్లోకి పోయాడు. అక్కడి నుంచీ తల తిప్పి చూశాడు. పెరటి ఊచల దగ్గరి నుంచి చూశాడు. ఎక్కడికి పోయినా నా వైపే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు. ఇంకా లేదు. ఇప్పుడో ఇంకాసేపటికో కనబడుతుందిలే అనే చూపు అది.

ఆ తర్వాత వీధి తలుపు దగ్గరికి పోయి గడియ మీద చెయ్యి వేశాడు. నేను ఆయమ్మకు ఫోన్ చేశాను. ఆమె తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, ఆయన భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది. ఆయన ఆమె వెంట నడిచాడు. నడుస్తూనే మెడ తిప్పి మళ్లీ నా వైపు చూశాడు. కొట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫోనుకు ఎదురుగా చెయ్యి పైకెత్తి ఊపాను.